మానని పుండు, అయస్కాంత తరంగాలు

మధుమేహం ఉన్న నాన్నగారికి కుడి పాదం అడుగున, బొటనవేలి మొదట్లో లేచిన పుండు మూడు నెలలైనా మానకపోయేసరికి, విద్యుదయస్కాంత చికిత్స గురించి ఎవరో చెప్పిన మాట మా ఇంట్లో పెద్ద ఆశ రేపింది. అప్పటినుంచి ఈ విషయంపై దొరికినదల్లా చదువుతూ వచ్చాను.

ఈ చికిత్సలో కట్టు విప్పవలసిన పని లేదు. తీగచుట్ట ఉన్న పరికరాన్ని కట్టు మీదనే ఉంచి విడతలు విడతలుగా విద్యుత్తు పంపితే, చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రం గుడ్డనూ దూదినీ దాటి కండలోకి చేరి, అక్కడ అతి స్వల్పమైన విద్యుత్ ప్రవాహాన్ని పుట్టిస్తుంది. 1831లో ఫారడే అనే శాస్త్రవేత్త కనిపెట్టిన సూత్రమే ఇది. విరిగి అతుక్కోని ఎముకలకు ఈ పద్ధతిని వాడడానికి అమెరికాలో 1979లోనే అనుమతి లభించింది. మధుమేహం ఉన్న ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో కొత్త రక్తనాళాల పెరుగుదలకు తోడ్పడే ప్రోటీను ఎక్కువగా విడుదలై, గాయాలు త్వరగా మూసుకున్నాయి.

అయితే ఎలుక గాయం చాలావరకు చర్మం ముడుచుకోవడం వల్ల మూసుకుంటుంది. మనిషి పుండు మాత్రం అడుగునుంచి కొత్త కండ పెరిగి పూడాలి, పైగా పాదమైతే నడిచిన ప్రతిసారీ ఒంటి బరువు దానిమీదే పడుతుంది. అందుకే కాబోలు, మధుమేహ పాదంపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023 మార్గదర్శకాల్లో విద్యుత్తు, అయస్కాంతత్వం వంటి పద్ధతులను పుండు మాన్పడానికి వాడవద్దనే సూచించింది. 2004 నుంచి దీని ఖర్చు భరిస్తున్న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ కూడా, కనీసం 30 రోజులు మామూలు చికిత్స చేసినా మార్పు కనబడని పుండ్లకే దీనిని పరిమితం చేసింది. గుండె లయను సరిచేసే పేస్‌మేకర్ ఒంట్లో ఉన్నవారు వైద్యుడిని అడగకుండా ఈ పరికరాల దగ్గరికి వెళ్లకూడదు.

ఆ మామూలు చికిత్స అంటే ఏమిటో నాకు తెలిసివచ్చింది ఒక నర్సు వల్ల. ఆమె పుండు చుట్టూ గట్టిపడిన ఆనెను బ్లేడుతో పొరలు పొరలుగా తీస్తుంటే, పైకి పప్పుబద్దంత కనిపించిన పుండు దాని కింద రెండింతలు ఉందని బయటపడింది. నాన్నగారు మాత్రం ఏమీ తెలియనట్టు కబుర్లు చెబుతూనే ఉన్నారు. నొప్పి తెలియని ఆ పాదంతో ఆయన, బరువు పడకుండా ఇచ్చిన చెప్పును స్నానాలగదికి వెళ్లేటప్పుడల్లా విడిచేసి, వట్టికాళ్లతో నడిచేవారని అప్పుడే తెలిసింది. ఆ తరువాత ఆయన తనంతట తాను విప్పుకోవడానికి వీలులేని కట్టు వేశారు, కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో పరీక్షించారు.

కట్టు మార్చిన ప్రతిసారీ ఆమె పారదర్శకమైన కాగితం పరిచి పుండు అంచును పెన్నుతో గీసేవారు. నాలుగు వారాల్లో విస్తీర్ణం సగమైనా తగ్గకపోతే వైద్యాన్ని మళ్లీ మొదటినుంచి పరిశీలించాలని చెప్పారు. నాలుగో కాగితాన్ని మొదటిదానిపై పెట్టి చూస్తే గీత సగానికంటే లోపలే ఉంది, అయస్కాంత పరికరం గురించి మేము మళ్లీ అడగలేదు.