ఏం తీసేశారో వింటే కవర్ సంగతి తెలుస్తుంది

కవర్ పాట, అంటే ఒకరి పాటని ఇంకొకరు మళ్లీ పాడినది, వినగానే చాలామంది అది ఒరిజినల్‌కి ఎంత దగ్గరగా ఉందో చూస్తారు. అలా చూస్తే మార్కులన్నీ మిమిక్రీకే పోతాయి. ఒరిజినల్‌లో జనం నోట నానిన ముక్క ఏది, కవర్ చేసినవాళ్లు దాన్ని ఏం చేశారు అన్నది నేను ముందు వెతుకుతాను. ఉంచారా, వేరే వాయిద్యానికి అప్పగించారా, మొత్తానికే ఎత్తేశారా? ఎత్తేశాక కూడా పాట నిలబడితే, ఆ కవర్‌ని రెండోసారి వింటాను.

దీనికి ‘శాటిస్‌ఫాక్షన్’ని మించిన పాఠం లేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ రికార్డు చేసిన ఈ పాటకి ఆయువుపట్టు మొదట్లో వచ్చే గిటార్ బిట్. అందులో ఉన్నవి బి, సి షార్ప్, డి అనే మూడు స్వరాలే. ఫజ్ పెడల్ వల్ల గరగరలాడుతూ వినిపిస్తాయి. తమాషా ఏంటంటే, ఆ బృందం గిటారిస్టు కీత్ రిచర్డ్స్ దృష్టిలో ఆ గిటార్ తాత్కాలికం. అక్కడ ట్రంపెట్లు, శాక్సోఫోన్లు రావాలని ఆయన ఉద్దేశం. అదే ఏడాది గాయకుడు ఓటిస్ రెడింగ్ తన కవర్‌లో ఆ బిట్‌ని సరిగ్గా ఊదుడు వాయిద్యాలకే ఇచ్చాడు. అంటే ఒరిజినల్ కర్త మనసులో ఉన్న రూపం కవర్‌లో దొరికింది! పైగా రెడింగ్ సాహిత్యాన్ని పెద్దగా పట్టించుకోడు. మాటలు మింగేస్తాడు, చివర్లో సొంత కేకలతో నింపేస్తాడు.

తర్వాత 1977లో డీవో బృందం ఆ బిట్‌ని పూర్తిగా తీసి పారేసింది. దాని స్థానంలో టిక్కుటిక్కుమనే పొడి గిటార్, ఒకదానికొకటి పొసగనట్టు నడిచే డ్రమ్స్, బేస్. సమం, అంటే తాళం మొదటి దెబ్బ, ఎక్కడ పడుతోందో పట్టుకోడానికి మొదటిసారి వినేవాళ్లకి కొంచెం సమయం పడుతుంది. మధ్యలో ‘బేబీ’ అన్న మాటని ఊపిరి తీయకుండా గొలుసులా లాగుతారు, అక్కడ నవ్వు ఆగదు. ఇక 2000లో గాయని క్యాట్ పవర్ ఇంకో అడుగు వేసి పల్లవినే ఎత్తేసింది. పాట పేరున్న లైనే పాటలో వినపడదు. ఒక్క గిటార్, చరణాలు, అంతే. పల్లవి వస్తుందని చెవి ఎదురుచూస్తుంది, రాదు. తృప్తి లేదని మొత్తుకునే పాటకి ఇంతకన్నా తగిన శిక్ష ఏముంటుంది? నాలుగింట్లో నా ఓటు దీనికే.

తీసేయడం ఒక పద్ధతైతే, నడక మార్చడం ఇంకోటి. బీటిల్స్ 1967లో చేసిన ‘విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్’ హుషారైన చతురశ్రం, అంటే నాలుగేసి దెబ్బల నడక. బృందం డ్రమ్మర్ రింగో స్టార్ గొంతుకి సరిపోవాలని, చివరి పైస్వరం తప్పిస్తే, వరసని చాలా కొద్ది స్వరాల్లోనే కట్టారు. 1968లో జో కాకర్ దాన్ని నిదానమైన తిశ్రంలోకి, మూడేసి దెబ్బల నడకలోకి, దించాడు. ‘తకధిమి’ కాస్తా ‘తకిట తకిట’ అయింది. మూడు నిమిషాలైనా లేని పాట అయిదు నిమిషాలు దాటింది. వరస ఇరుకుగా ఉండటమే కాకర్‌కి కలిసొచ్చింది, పైకి ఎగరడానికి బోలెడు ఖాళీ దొరికింది.

నడక మార్చాలనుకుంటే ముందు గిటార్ ముట్టుకోకండి. చేత్తో తాళం వేస్తూ సాహిత్యాన్ని మామూలుగా చదవండి. ఒక్కో లైన్లో ఒత్తి పలికే అక్షరాలు సాధారణంగా నాలుగు దాకా ఉంటాయి. వాటిని గుర్తు పెట్టుకుని ఒక్కోటీ ఒక్కో ‘త’ మీద పడేలా చూడండి, మిగతా అక్షరాలు ‘కిట’లో సర్దుకుంటాయి. ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. ఒరిజినల్‌లో లైన్ల మధ్య ఉన్న ఖాళీని కూడా అంతే నిష్పత్తిలో సాగదీస్తారు, దాంతో ప్రతి లైను తర్వాతా పాట ఆగిపోయినట్టుంటుంది. ఆ ఖాళీని సగానికి కోసేయండి, లేదా కాకర్ రికార్డులో లాగా కోరస్‌కి ఇచ్చేయండి.

అసలు నిర్మాణం మార్చకుండా గెలిచినది ‘ఆల్ ఎలాంగ్ ద వాచ్‌టవర్’. బాబ్ డిలన్ 1967 రికార్డింగ్ రెండున్నర నిమిషాలే. మొదటి నుంచి చివరి దాకా తిరిగేవి మూడే కార్డ్‌లు. కార్డ్ అంటే ఒకేసారి కలిపి మోగించే కొన్ని స్వరాలు. 1968లో జిమి హెండ్రిక్స్ ఆ కార్డ్‌ల వరసని అలాగే ఉంచాడు. గిటార్‌ని అర స్వరం తగ్గించి శ్రుతి చేశాడు కాబట్టి సి షార్ప్ మైనర్ పాట సి మైనర్‌లో వినిపిస్తుంది, అంతే తేడా. (మేజర్‌లో మూడో స్వరాన్ని అర మెట్టు దించితే మైనర్.) డిలన్ హార్మోనికా ఊదిన చోట్లన్నీ గిటార్‌కి రాసిచ్చాడు. మధ్యలో వచ్చే పెద్ద సోలోని జాగ్రత్తగా వింటే నాలుగు గదులు కనిపిస్తాయి: మొదట మామూలు గిటార్, తర్వాత తీగల మీద జారుతూ పోయే స్లైడ్, ఆపైన ‘వా-వా’ అని పలికించే పెడల్, చివర్లో కార్డ్‌లతో కొట్టే లయ. ఒకే మూడు కార్డ్‌ల మీద విసుగు రాకపోవడానికి కారణం ప్రతి గదిలో శబ్దం మారడమే. తర్వాత్తర్వాత డిలన్ కూడా కచేరీల్లో హెండ్రిక్స్ బాణీకి దగ్గరగా వాయించాడు.

‘రెస్పెక్ట్’ గురించి రాయనివాళ్లు లేరు కాబట్టి ఒక్క సంగతే చెప్తాను. 1965 నాటి రెడింగ్ ఒరిజినల్‌లో లేని శాక్సోఫోన్ ముక్క 1967 అరీతా ఫ్రాంక్లిన్ కవర్‌లో ఉంది. సి స్కేల్‌లో (అంటే సి ఆధార స్వరంగా) నడుస్తున్న పాట అక్కడ ఉన్నట్టుండి ఎఫ్ షార్ప్ మైనర్‌కి దూకుతుంది. ఈ రెంటికీ మధ్య ఆరు సెమిటోన్లు, అంటే ఆరు అర మెట్లు, అంతకన్నా దూరం ఉండదు. ఆ దూకుడు తర్వాత పాట తిరిగి సొంత స్కేల్‌కి చేరాక, ‘రెస్పెక్ట్’ అన్న మాటని ఒక్కో అక్షరంగా విడదీసి పలికే ఘట్టం వస్తుంది. అది కూడా ఒరిజినల్‌లో లేదు. ఆ అక్షరాలు అంత గట్టిగా తగలడంలో సగం పుణ్యం ఆ స్కేల్ మార్పుదే.

‘హల్లెలూయా’ దగ్గర మాత్రం కాస్త కూర్చోవాలి, ఎందుకంటే గిటార్ పట్టిన ప్రతివాళ్లూ దీన్ని పాడతారు, చాలామంది ఒకే చోట చెడగొడతారు. లెనార్డ్ కోహెన్ 1984లో విడుదల చేశాడు. 1991లో జాన్ కేల్ పియానో మీద పాడుతూ చరణాలు మార్చాడు: మొదటి రెండు ఒరిజినల్‌వి, మిగతావి కోహెన్ రాసి పెట్టుకున్న ఇతర చరణాల్లోంచి ఏరినవి. 1994లో జెఫ్ బక్లీ కేల్ కూర్పునే తీసుకుని ఎలక్ట్రిక్ గిటార్ ఒక్కదానితో పాడాడు. అంటే అందరూ ఒరిజినల్ అనుకునే కూర్పు కవర్‌కి కవర్.

బక్లీ పద్ధతికి కేపోని (గిటార్ మెడకి బిగించే క్లిప్పుని) అయిదో ఫ్రెట్‌లో పెట్టి జి స్కేల్ పట్లు పట్టాలి, వినపడేది సి. జి పట్టు సి మేజర్ అవుతుంది, ఇ మైనర్ పట్టు ఎ మైనర్, సి పట్టు ఎఫ్, డి పట్టు జి. మొదటి చరణంలో స్కేల్‌లోని నాలుగో స్థానం, అయిదో స్థానం, మైనర్‌లోకి దిగడం, మేజర్‌లోకి లేవడం అని మాటలు వస్తుంటే కింద కార్డ్‌లు కూడా అక్షరాలా అవే: ఎఫ్, జి, ఎ మైనర్, ఎఫ్. చెడేది దీని తర్వాతి లైన్లో. పల్లవిలోకి దిగే ముందు ఇ సెవెన్ రావాలి, కేపో పట్టులో బి సెవెన్. చాలామంది అక్కడ బి సెవెన్‌కి బదులు బి మైనర్ వేసేస్తారు, లేదా వదిలేస్తారు. ఆ కార్డ్‌లో ఉండే జి షార్ప్ పాట స్కేల్‌కి బయటి స్వరం. అదే వెంటనే వచ్చే ఎ మైనర్ వైపు లాగుతుంది. అది పోతే చరణం చప్పగా జారిపోతుంది.

‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ పాడాలనుకునేవాళ్లకి హెచ్చరిక. డాలీ పార్టన్ 1974 పాట మెల్లగా, దగ్గర కూర్చుని చెప్పినట్టుంటుంది, చివరి చరణాన్ని మాటల్లోనే చెప్పేస్తుంది. 1992లో విట్నీ హ్యూస్టన్ మొదటి ముప్పావు నిమిషం దాకా వాయిద్యం లేకుండా పాడి, చివర్లో ఒక్క డ్రమ్ దెబ్బతో ఎ నుంచి బి స్కేల్‌కి ఎక్కుతుంది. మొదటి చరణం కింది స్వరాల్లో ఉంటుంది కాబట్టి దాన్ని చూసి స్కేల్ ఎంచుకుంటారు, చివరి పల్లవిలో గొంతు చీలుతుంది. లెక్క వెనక నుంచి వేయాలి. స్కేల్ మారాక వచ్చే అత్యంత పైస్వరం ఏదో చూడండి, మీరు అరవకుండా మూడుసార్లు వరసగా పట్టుకోగల పైస్వరం ఏదో చూడండి, తేడా ఎన్ని సెమిటోన్లయితే అన్ని తగ్గించండి. ఆడగొంతు పాటని మగవాళ్లు పాడితే ఇది మామూలుగా నాలుగు నుంచి ఏడు దాకా వస్తుంది. ముందే రికార్డు చేసి దొరికే వాయిద్యాల ట్రాక్‌ని అంత దించితే డ్రమ్స్ బొంగురుపోతాయి. మూడు దాటితే ట్రాక్ వదిలేసి కొత్తగా వాయించుకోవడమే మేలు.

నెమ్మది చేసే కవర్లకి లెక్కే లేదు. ‘మ్యాడ్ వరల్డ్’ని మైకేల్ ఆండ్రూస్, గ్యారీ జూల్స్ పియానోతో నింపాదిగా చేశాక, ప్రతి హుషారు పాటనీ గుసగుసగా పాడటం ఫ్యాషనైపోయింది. అక్కడ అది కుదిరింది, ఎందుకంటే 1982 ఒరిజినల్‌లో దుఃఖమంతా డ్రమ్ మెషీన్ కింద దాగి ఉంది. సాహిత్యంలో లేని దుఃఖాన్ని వేగం తగ్గించి పుట్టించలేం. జానీ క్యాష్ 2002లో ‘హర్ట్’ పాడినప్పుడు కూడా నెమ్మది కన్నా, ఒరిజినల్ గిటార్‌లో కావాలని పెట్టిన అపస్వరాన్ని తీసేసి సాదా కార్డ్‌లు వేయడం ఎక్కువ పని చేసింది. పల్లవిలో ఒకే పియానో స్వరం అంతకంతకూ గట్టిపడుతూ ఉంటుంది, అది వినండి.

వేగం తగ్గిస్తే ఊపిరి లెక్క కూడా మారుతుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో పదహారు దెబ్బల లైను 8 సెకన్లు. 70కి తగ్గిస్తే దాదాపు 14 సెకన్లు. చాలామందికి ఒక్క ఊపిరిలో రాదు. ఊపిరి ఎక్కడ తీయాలో ముందే కాగితం మీద గీత గీసుకోండి, మాట మధ్యలో మాత్రం వద్దు. మేజర్ పాటని మైనర్‌లోకి మార్చేవాళ్లు కార్డ్‌లు మార్చి వరసని వదిలేస్తారు. సి మైనర్ కార్డ్ మీద గొంతు ఇ పాడుతుంటే, కింద ఉన్న ఇ ఫ్లాట్‌తో అర స్వరం తేడాలో కొట్టుకుంటుంది. మూడో స్వరాన్ని తప్పకుండా, ఆరు, ఏడు స్వరాలని అవసరాన్ని బట్టి, అర మెట్టు దించి వరసని మళ్లీ నేర్చుకోవాలి.

చివరగా, ముగింపు. ఇందాకటి రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’, ‘రెస్పెక్ట్’, హెండ్రిక్స్ ‘వాచ్‌టవర్’ రికార్డుల్లో ముగింపనేదే లేదు, శబ్దం తగ్గుతూ మాయమవుతుంది. ఎదురుగా జనం ఉన్నప్పుడు అది కుదరదు, అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. చివరి లైన్ మూడుసార్లు పాడండి: రెండుసార్లు మామూలు వేగంలో, మూడోసారి ఆఖరి రెండు మాటల దగ్గర తాళం వదిలేసి. అక్కడ నాలుగో స్థానం కార్డ్ (సి స్కేల్ అయితే ఎఫ్) మీద ఆగి, డ్రమ్మర్ చెయ్యెత్తాక మూల కార్డ్ (సి) మీద అందరూ కలిసి పడాలి. ఎవరి చేతిని చూసి ఆపాలో ముందే అనుకోండి.