మడ్డి మీద చలికాలం

నిన్న ఫ్రాన్స్‌లోని నాంత్ నగరం నుంచి క్లిసన్ వైపు, లువార్ నది ప్రాంతంలో ఒక చిన్న ద్రాక్షతోటకి వెళ్లాను. ముస్కాదే అనే తెల్ల వైన్ చేసే చోటు. ఇన్నాళ్లూ వైన్ అంటే కాస్త తియ్యగా ఉండాలనుకునేదాన్ని. ఇందులో తీపి లేనే లేదు. ముందు నిమ్మకాయ పులుపు, తర్వాత పచ్చి యాపిల్, చివర్లో నాలుక అంచున సన్నటి ఉప్పదనం.

తోట పెద్దాయన నేలలోకి కట్టిన తొట్టి మూత తీసి చూపించారు. ద్రాక్షరసం పులిశాక ఈస్ట్ అడుక్కి దిగి మడ్డి కడుతుంది. దాన్ని తీసేయకుండా, చలికాలమంతా వైన్‌ని ఆ మడ్డి మీదే ఉంచుతారు. సీసా మీద ‘స్యుర్ లీ’ అని ఉంటుందే, అర్థం అదే. పలచటి వైన్‌కి ఆ నిండుదనం అక్కడి నుంచే వస్తుంది.

1709 చలికి ఇక్కడి తోటలు పాడైపోతే, చలిని ఓర్చుకునే మెలోన్ ద్రాక్షని విరివిగా నాటారు. ఇప్పటికీ ముస్కాదే అంటే అదే. లువార్ సుమారు 1,000 కిలోమీటర్ల నది. ఎగువన సాన్సేర్‌లో సోవిన్యోఁ బ్లాఁ ద్రాక్ష, మధ్యలో వూవ్రేలో షెనెఁ బ్లాఁ ద్రాక్ష, సముద్రం దగ్గరికొచ్చేసరికి ఈ మెలోన్. ఒక్క నది వెంట ఇన్ని రుచులా!

అందరూ సాన్సేర్‌నే పొగుడుతారు. నా మనసు మాత్రం దీని దగ్గరే ఆగిపోయింది. పెద్దాయన ఆయిస్టర్ చిప్ప విప్పి చేతిలో పెట్టారు. అది తిని ఒక గుక్క తాగితే, సముద్రపు గాలి నోట్లోకి వచ్చినట్టుంది. రెండు సీసాలు తెచ్చుకున్నాను. ఆదివారం చేపల వేపుడుతో ఒకటి తీస్తాను.