కేదార్‌కంఠ మీద తెల్లవారింది

జనవరిలో బావతో కలిసి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ఎక్కాను. ఎత్తు దాదాపు 12,500 అడుగులు, అంటే సుమారు 3,800 మీటర్లు. మా ఒడిశా రాయగడ వాళ్ళకి పెద్ద కొండంటే కోరాపుట్ దేవమాలే, 1,672 మీటర్లు. ఇది దానికి రెండింతల కంటే ఎక్కువ!

కొండ కింది ఊరు సాంక్రీ నుంచి జూడా కా తాలాబ్ అనే చెరువు దాకా చెట్ల మధ్య నడక హాయిగానే సాగింది. అసలు కష్టమంతా శిఖరానికి బయల్దేరిన రాత్రే. గైడ్ మాట విని నీళ్ళ బాటిల్ తలకిందులుగా పెట్టుకున్నాం. నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కదా, మూత వైపు మాత్రం తాగడానికి మిగిలాయి. బూట్లకి కట్టుకున్న ఇనప పళ్ళు మంచులో కరకరమంటుంటే నాలుగడుగులు వేయడం, ఆగడం. అక్కడ మనకందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. "తొందరేం లేదు, ఊపిరి తీసుకో" అంటూ బావ నా పక్కనే నడిచాడు. ఆ మాటే నన్ను పైకి చేర్చింది.

ఎదురుగా స్వర్గారోహిణి శిఖరం మీద తొలి ఎండ! పాండవులు స్వర్గానికి నడిచెళ్ళారని తాతయ్య చెప్పిన దారి. ఏడుపు ఆగలేదు.

మనవైపు నుంచి ఎవరైనా వెళ్ళాలనుకుంటే నెల ముందు నుంచే రోజూ మెట్లెక్కండి. చలిబట్టలు, ఖర్చుల గురించి నన్నడగండి. వచ్చే చలికాలం చెల్లిని కూడా తీసుకెళ్తున్నా.