రెండు కేఎంపీఎల్‌తో గెలిచిన కుర్రాడు

అమెరికా వెళ్లొచ్చినవాళ్లు నయాగరా గురించి ఇప్పటికే బోలెడు రాశారు. మేమూ వెళ్లాం, తడిశాం, ఫొటోలు దిగాం. దాని సంగతి వదిలేస్తాను. 2016లో ఇండియానాలో అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు చూసినవాటిలో ఇప్పటికీ నా బుర్రలో తిరిగేది ఒక్కటే, మే 29న జరిగిన ఇండియానాపోలిస్ 500 కార్ల రేసు.

నిజానికి రేసులంటే నాకు మొదట్నుంచీ పడదు. తెనాలి బస్సు డిపో గ్యారేజీలో మెకానిక్‌గా చేరి సూపర్‌వైజర్‌గా రిటైరైన మనిషిని. బండి టైముకు గేటు దాటాలి, దారిలో మొరాయించకూడదు, డీజిల్ తక్కువ తాగాలి. మాకు అంతే. స్పీడుగా తోలేవాణ్ణి మేం మెచ్చుకునేవాళ్లం కాదు, పిలిచి చీవాట్లు పెట్టేవాళ్లం. అబ్బాయేమో "నాన్నా, ఇది వందో రేసు, మా ఆఫీసులో ఒకతని దగ్గర రెండు టికెట్లున్నాయి, నువ్వు రావాల్సిందే" అని పట్టుబట్టాడు. టికెట్టు ఎంతరా అంటే మాట మార్చేశాడు. ఎంతో నాకు అర్థమైపోయింది. "ఆ ఎండలో నేను రాను, మీరిద్దరూ పోయి రండి" అని మా ఆవిడ పులిహోర కలిపి డబ్బా చేతిలో పెట్టింది.

అబ్బాయి ఉండే ఫిషర్స్ నుంచి 465 హైవే ఎక్కితే మామూలుగా అరగంట. ఆ రోజు తెల్లారి ఆరింటికి బయల్దేరినా ఊరి పొలిమేరలోనే గంట పైగా నిలబడిపోయాం. ట్రాక్ ఉన్న ఊరి పేరు కూడా స్పీడ్‌వేనే. రేసు రోజున అక్కడ ఇళ్లవాళ్లు తమ వాకిట్లో గడ్డి మీద కార్లు పెట్టించుకుని డబ్బు తీసుకుంటారు. ఒక పెద్దావిడ కుర్చీ వేసుకుని, అట్టముక్క మీద 40 డాలర్లని రాసి పట్టుకుంది. అప్పుడు డాలరు అరవై ఏడు రూపాయలు, అంటే దగ్గర దగ్గర 2,700. కారు నిలబెట్టడానికి! ఎదురింట్లో 30కే అంటున్నారని అబ్బాయి చేత అనిపించాను. అయితే అక్కడికే వెళ్లండని నవ్వుతూ చెప్పింది. వెళ్లేసరికి అక్కడ నిండిపోయింది. వెనక్కి వస్తే ఆవిడ ఒక్క మాటా అనలేదు, 40 లెక్కపెట్టుకుంది.

లోపల మాత్రం ఒకటి బాగా నచ్చింది. తినేవీ తాగేవీ ఎవరివి వాళ్లు ఐసు పెట్టెలో తెచ్చుకోవచ్చు. గాజు సీసాలు ఉండకూడదు, అంతే. ఇక్కడ మన సినిమాహాళ్లలో మంచినీళ్ల సీసా కూడా గేటు దగ్గరే లాక్కుంటున్నారు.

మూడో మలుపు దగ్గర మా సీట్లు. ట్రాక్ చుట్టుకొలత రెండున్నర మైళ్లు, అంటే నాలుగు కిలోమీటర్లు. మధ్యలో గోల్ఫ్ ఆట స్థలంలో కొంత భాగం కూడా పట్టింది! ఎక్కడ కూర్చున్నా మొత్తం కనపడదు. ముప్పైమూడు బళ్లు వరసకు మూడేసి చొప్పున వస్తాయి, చెవులు చిల్లులు పడేలా మోత, అంతలోనే మాయం. మళ్లీ నలభై సెకన్లకు ప్రత్యక్షం. ఇలా రెండు వందల సార్లు. ఒక్కో చుట్టునూ ల్యాప్ అంటారు. పదిహేనో ల్యాప్‌కే నాకు ఆవులింతలు. జనం మూడున్నర లక్షలట. 1911లో మొదలై, రెండు ప్రపంచ యుద్ధాలప్పుడు తప్ప ఏటా జరుగుతున్న ఈ రేసుకు స్టాండ్లలో టికెట్లన్నీ అమ్ముడుపోవడం ఆ ఏడాదే మొదటిసారని చెప్పారు.

నిద్ర రాకుండా కాపాడింది పక్క సీటు పెద్దాయన. మొక్కజొన్న రైతు. చెవులకు హెడ్‌ఫోన్స్, మోకాలి మీద ప్యాడ్, చేతిలో పెన్సిల్. ఎవరు ఎన్నో ల్యాప్‌లో పిట్‌లోకి, అంటే చక్రాలు మార్చి ఇంధనం పోసే చోటికి వచ్చారో గళ్లు గీసి రాసుకుంటున్నాడు. మా డిపోలో డీజిల్ బంకు గుమస్తా రిజిస్టరు ఇంత శుభ్రంగా ఉండేది కాదు. ఏమిటవి అని అడగడంతో మొదలైంది. ఈ బళ్లలో పోసేది పెట్రోలు కాదు, 85 శాతం ఇథనాల్, మా మొక్కజొన్నే అక్కడ మండుతోంది అని గర్వంగా చెప్పాడు. పులిహోర పెడితే మిరపకాయ పక్కన పెట్టి, వేరుశనగలు ఏరుకుని తిన్నాడు, తర్వాత మొత్తం తిన్నాడు.

ఆయన మనసంతా జేమ్స్ హించ్‌క్లిఫ్ అనే డ్రైవరు మీద. కిందటేడు ఇదే ట్రాక్ మీద ప్రాక్టీసులో గోడకు కొట్టుకుంటే, సస్పెన్షన్ కడ్డీ తొడలోంచి దూసుకుపోయి చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషి, ఈసారి అందరికన్నా ముందు వరసలో మొదటి స్థానంలో నిలబడ్డాడు. రయన్ హంటర్-రే కూడా గట్టివాడే, 2014లో గెలిచాడు. 98 నంబరు బండి ఎవరిదని అడిగితే ఆయన పెదవి విరిచాడు. అలెగ్జాండర్ రోసీ, కాలిఫోర్నియా కుర్రాడు, ఇరవై నాలుగేళ్లు. ఫార్ములా వన్‌లో కిందటేడు ఐదు రేసులు తోలాడు, ఈ ఏడాది అక్కడ సీటు దొరక్క ఇటొచ్చాడు. ఇలాంటి గుండ్రటి ట్రాక్ మీద తోలడం వాడికిది రెండోసారి. పదకొండో స్థానం నుంచి బయల్దేరాడు.

నాకు రేసుకన్నా పిట్ మీదే కళ్లు. పెద్ద తెరమీద చూపించినప్పుడల్లా ముందుకు వంగి చూశాను. పది సెకన్లలోపు నాలుగు చక్రాలు మార్చి, ట్యాంకు నింపి పంపేస్తారు. ఒక్కో చక్రానికి ఒకే ఒక్క నట్టు. మా గ్యారేజీలో స్పానర్ ఎక్కడ పెట్టామో వెతకడానికే పది నిమిషాలు పట్టేది. రోసీ బండికి మాత్రం ఇంధనం గొట్టం సరిగ్గా కూర్చోక రెండుసార్లు ఆలస్యమైంది, బాగా వెనకబడ్డాడు. అటు హంటర్-రే, టౌన్సెండ్ బెల్ ఇద్దరూ ఒకే యజమాని బళ్లు తోలుతూ పిట్ దారిలోనే ఒకదాన్నొకటి గుద్దుకున్నారు. పెద్దాయన పెన్సిల్ కింద పడేశాడు.

ఇంక ముప్పైఆరు ల్యాపులున్నాయనగా, అందరూ వేగం తగ్గించాలని చూపే పసుపు జెండా ఉండగా రోసీ వచ్చి ట్యాంకు నింపుకుని పోయాడు. అప్పుడు పెద్దాయన లెక్క చెప్పాడు. ట్యాంకు పద్దెనిమిదిన్నర గ్యాలన్లు. ముప్పై, మహా అయితే ముప్పైరెండు ల్యాపులు వస్తుంది. ముప్పైఆరు రాదు. ఈ కుర్రాడు మళ్లీ ఆగాల్సిందే.

ఆ మాటతో నా నిద్రమత్తు మొత్తం వదిలిపోయింది. "గ్యాలను ఎన్ని లీటర్లురా?" అని అబ్బాయిని అడిగాను. మూడు పాయింట్ ఎనిమిదికి కాస్త తక్కువ. అంటే ట్యాంకు డెబ్బై లీటర్లు. ముప్పైఆరు ల్యాపులు 145 కిలోమీటర్లు. లీటరుకు రెండు కిలోమీటర్ల పైన ఒక పిసరు రావాలి. మామూలుగా వచ్చేది ఒకటి పాయింట్ ఎనిమిది చిల్లర. తేడా పాయింట్ రెండు! ఇది నాకు తెలిసిన ఆట. డిపోలో కేఎంపీఎల్, అంటే లీటరుకు వచ్చే కిలోమీటర్లు, పాయింట్ ఒకటి పెరగడానికి గేటు మీటింగులు పెట్టిన వాళ్లం మేం. నోటీసు బోర్డు మీద ప్రతి డ్రైవరు పేరుకు ఎదురుగా కేఎంపీఎల్ రాసి అంటించేవాళ్లం.

గుంటూరు సర్వీసు తోలే ఒకాయన ఉండేవాడు. ఆయన బండి కేఎంపీఎల్ ఆరుకు తగ్గేది కాదు. సంగతేమిటో చూద్దామని ఒకసారి ఇంజన్ పక్కన కూర్చుని వెళ్లాను. నారాకోడూరు స్టాపు కనుచూపు మేరలో ఉండగానే ఆయన కాలు యాక్సిలరేటర్ మీద లేదు. బండి తనంతట తానే పోయి, స్టాపు దగ్గర బ్రేకును పిలిచీ పిలవనట్టు ఆగింది. ఎవరైనా ఓవర్‌టేక్ చేస్తే చెయ్యనిచ్చేవాడు. పౌరుషం తెచ్చుకుంటే డీజిల్ పోతుంది సార్ అనేవాడు.

రోసీని ఆ పద్ధతిలోనే తోలిస్తున్నారు. బండి యజమానుల్లో ఒకడైన బ్రయాన్ హెర్టా రేడియోలో ఎప్పటికప్పుడు చెబుతున్నాడు. పెద్దాయన ఒక చెవి హెడ్‌ఫోన్ నాకిచ్చాడు. ఆ యాస నాకేం అర్థం కాలేదు, గొంతులో కంగారు లేదని మాత్రం తెలిసింది. 2011లో కూడా ఈ హెర్టాదే చిన్న టీమట. చివరి మలుపులో ముందున్న కుర్రాడు గోడకు కొట్టుకుంటే వీళ్ల డాన్ వెల్డన్ దాటిపోయి గెలిచాడు. ఆ వెల్డన్ అదే ఏడాది అక్టోబరులో లాస్‌వేగాస్ రేసులో పోయాడని చెప్పి పెద్దాయన కాసేపు పెన్సిల్ పట్టుకోలేదు.

ముందున్నవాళ్లు ఒక్కొక్కరే ఇంధనానికి పిట్‌లోకి వచ్చేశారు. న్యూగార్డెన్ వచ్చాడు. ఇంక నాలుగు ల్యాపులుండగా కార్లోస్ మున్యోజ్ కూడా వచ్చాడు. రోసీ రాలేదు. స్టాండంతా లేచి నిలబడింది. నా టెన్షన్ చూసి అబ్బాయి "నాన్నా, కూర్చో, బీపీ" అంటున్నాడు.

చివరి ల్యాప్‌లో మా మలుపులోకి వచ్చినప్పుడు ఆ బండి మోతే వేరుగా ఉంది. మిగతావి అరుస్తూ పోయాయి. ఇది ఒక అరుపు, ఒక మౌనం, మళ్లీ చిన్న అరుపు. క్లచ్ నొక్కి దొర్లిస్తున్నాడని చెవికే తెలిసిపోయింది. ఘాట్ రోడ్డులో ఇలా చేస్తే మేం డ్యూటీ దింపేసేవాళ్లం. మిగతా అందరూ గంటకు 350 కిలోమీటర్లు పోయే చోట ఆ ల్యాప్ 290 కూడా లేదు. అయినా మున్యోజ్ కన్నా నాలుగున్నర సెకన్ల ముందు గీత దాటాడు. దాటాక బండి నిలిచిపోయింది. ట్యాంకులో చుక్క లేదు. గెలిచినవాణ్ణి తాడు కట్టి లాక్కొచ్చారు!

వెనక వరసలో ఒకడు ఇదేం రేసు, అదృష్టం అని గొణిగాడు. వెనక్కి తిరిగి ఏదో అనబోయాను, ఇంగ్లీషులో కోపం సరిగ్గా రాదు. అదృష్టమైతే అందరి ట్యాంకూ డెబ్బై లీటర్లే కదా, వాళ్లెందుకు ఆగారు?

గెలిచినవాడు పాలు తాగడం అక్కడి ఆచారం. 1936లో లూయీ మేయర్ అనే ఆయన గెలిచి దిగగానే మజ్జిగ తాగాడట, అలా మొదలైంది. తర్వాతర్వాత మజ్జిగ పోయి పాలు మిగిలాయి. ఎండలో మజ్జిగే నయం, ఆయన తెలివైనవాడు. రోసీ కాస్త తాగి మిగతాది నెత్తిన పోసుకున్నాడు. ప్రైజు పాతిక లక్షల డాలర్ల పైచిలుకు. మేం ఉత్తమ కేఎంపీఎల్ డ్రైవరుకు సర్టిఫికెట్టు, ప్రెషర్ కుక్కర్ ఇచ్చిన రోజులు గుర్తొచ్చాయి.

పెద్దావిడ వాకిట్లోంచి కారు బయటకు రావడానికి రెండు గంటలు. మర్నాడు పొద్దున ఆ గుంటూరు సర్వీసు డ్రైవరుకే ఫోన్ చేసి అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"చివరికి కేఎంపీఎల్ ఎంత తెచ్చాడు సార్?"

"రెండు."

అటు నుంచి కాసేపు చప్పుడు లేదు. "రెండుకే పాలిచ్చారా? ముందు ఆ బండి ఎయిర్ ఫిల్టర్ మార్పించమనండి సార్."