పాన్‌లోంచి ఊడిరాని ఆరెంజ్ సోడా కేక్: నా అనుభవం

మా అమ్మాయి పుట్టినరోజుకి ఆరెంజ్ సోడా కేక్ చేశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి పదకొండు మంది చూస్తుండగా సగం కేక్ పళ్ళెంలో పడింది, మిగతా సగం పాన్‌ని పట్టుకుని వేలాడింది. నాలుగు రోజుల తర్వాత చేసిన రెండోది ముక్క కూడా విరగకుండా వచ్చింది. మధ్యలో ఏం తెలుసుకున్నానో ఇప్పుడే రాయకపోతే మర్చిపోతాను.

సోడా కేకే ఎందుకంటే, మా అమ్మాయి స్నేహితురాలికి గుడ్డు పడదు. అలర్జీ. ఏ పుట్టినరోజుకి వెళ్ళినా అందరూ కేక్ తింటుంటే ఆ పాప బిస్కెట్ చేత్తో పట్టుకుని పక్కన నిలబడుతుంది. "అమ్మా, ఈసారి అది కూడా తినగలిగే కేకే చెయ్యాలి" అని మా అమ్మాయి నెల ముందే మాట తీసుకుంది. వెతికితే ఒక వీడియో దొరికింది. కేక్ మిక్స్ డబ్బా ఒకటి, సోడా (అంటే తియ్యటి కూల్‌డ్రింక్) క్యాన్ ఒకటి, అంతే. గుడ్డు లేదు, నూనె లేదు, నీళ్ళు కూడా లేవు.

పని చేసే పద్ధతే ఇది, అందులో అబద్ధం లేదు. మైదా, పంచదార, పొంగించే పొడి అన్నీ డబ్బాలోనే ఉంటాయి. మనం కలపాల్సింది తడి. ఆ తడి సోడా ఇస్తుంది, దాంతోపాటు కాస్త తీపి, కాస్త పులుపు కూడా వస్తాయి. బుడగల వల్లే కేక్ పొంగుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ గ్యాస్‌లో చాలా భాగం కలిపేటప్పుడే పోతుంది. అసలు పొంగించేది మిక్స్‌లో ఉన్న బేకింగ్ పౌడరే. డైట్ సోడా వాడినా కేక్ వస్తుంది, ఎందుకంటే పంచదార డబ్బాలో ఉండనే ఉంది. తెల్ల మిక్స్‌కి నిమ్మ, ఆరెంజ్ లాంటి లేత రంగు సోడాలు, చాక్లెట్ మిక్స్‌కి కోలా బాగా కలుస్తాయి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. అలర్జీ ఉన్న పిల్లలకి పెట్టేటట్టయితే డబ్బా వెనక చిన్న అక్షరాలు మొత్తం చదవండి. మనం గుడ్డు వెయ్యకపోయినా మిక్స్‌లోనే గుడ్డు పొడి ఉండొచ్చు. నేను రెండు డబ్బాలు పక్కన పెట్టి మూడోది తీసుకున్నాను.

కలపడానికి మూడు నిమిషాలు పట్టింది. పెద్ద గిన్నె తీసుకోండి, నురుగు పైకి వస్తుంది. ఓవెన్ 180 డిగ్రీలు, నలభై నిమిషాలు. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

అయితే పిండి గరిటెలోంచి నీళ్ళలా జారింది. నాకు అనుమానం వచ్చింది. వీడియోలో ఆవిడ పిండి రిబ్బన్‌లా మడతలు పడుతూ దిగింది, నాది అలా లేదు. అయినా ఆవిడ "ఒక డబ్బా, ఒక క్యాన్, కళ్ళు మూసుకుని పోసెయ్యండి" అని నాలుగుసార్లు చెప్పింది కదా అని ఊరుకున్నాను. నా చేతికి తెలిసిన సంగతిని పక్కన పెట్టి ఆవిడ మాట నమ్మాను.

పాన్ సంగతి కూడా చెప్పాలి. మధ్యలో గొట్టం, చుట్టూ గాడులు ఉన్న బండ్ట్ పాన్ తీసుకున్నాను. అమెరికాలో నార్డిక్ వేర్ కంపెనీకి చెందిన డేవిడ్ డాల్‌క్విస్ట్ 1950లో తయారు చేసిన పాన్ ఇది. మధ్యలో ఆ గొట్టం ఉండటం వల్ల వేడి లోపలి నుంచి కూడా తగులుతుంది, మందమైన కేక్ మధ్యలో పచ్చిగా ఉండిపోదు. చూడ్డానికి కిరీటంలా ఉంటుంది. కానీ ఎన్ని గాడులుంటే అతుక్కోవడానికి అన్ని చోట్లు. ఇది నాకు అప్పుడు తట్టలేదు. పొద్దున్నే వెన్న రాసి పెట్టేసి, సాయంత్రం పిండి పోశాను.

ఓవెన్ తీసేసరికి అందరూ వచ్చేశారు. పిల్లలు వంటింటి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. పైన రంగు బాగుంది, పుల్ల గుచ్చితే శుభ్రంగానే వచ్చింది. వేడివేడి పాన్ మీద పళ్ళెం బోర్లించి, గుడ్డలతో రెండు వైపులా పట్టుకుని తిప్పేశాను. శబ్దం రాలేదు. పాన్ ఎత్తాను, కేక్ దిగలేదు. తట్టాను. ఇంకోసారి తట్టాను. అప్పుడు ఒక్కసారిగా చినిగిన శబ్దం వచ్చింది, గుడ్డ చింపితే వచ్చే లాంటిది, సగం పడింది. పడిన సగం కూడా గుట్టలా పడింది. మిగతాది గాడుల్లో పసుపు రంగు ముద్దలుగా ఉండిపోయింది, ఆవిరి కక్కుతూ.

ఎవరూ ఏమీ అనకపోయినా బాగుండేది. వరసకి వదిన అయ్యే ఒకావిడ ముందుకొచ్చి పాన్‌లోకి తొంగిచూసింది. "పుట్టినరోజు పూట ప్రయోగాలెందుకు? కొనేస్తే పోయేదిగా" అంది, అందరికీ వినపడేలా. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెయ్యి కాలింది, ఆ మంట కంటే ఆ మాట మంట ఎక్కువైంది. మా అమ్మాయి నా వంక చూసి, "పర్లేదమ్మా, గిన్నెల్లో వేసి ఇద్దాం" అంది. ఎనిమిదేళ్ళ పిల్లకున్న ఇంగితం ఆవిడకి లేదు. ముద్దలు ముద్దలుగా గిన్నెల్లో వేసి, పైన ఐస్‌క్రీమ్ పెట్టి ఇచ్చాం. ఆ గుడ్డు పడని పాపకి మాత్రం ఐస్‌క్రీమ్ కూడా వెయ్యలేదు, ఆ డబ్బా మీద ఏముందో చదివే తీరిక లేక. కొవ్వొత్తి ఒక ముద్దలో గుచ్చాం, అది పక్కకి ఒరిగింది.

రాత్రి అందరూ వెళ్ళాక పాన్ దీపం కిందకి తెచ్చి చూశాను. అతుక్కున్న భాగం కేక్‌లా లేదు, వేలు పెడితే జిగురుగా సాగింది. పాన్ అడుగున వెన్న మడుగు కట్టి ఉంది, పక్కల గోడలకి ఏమీ లేదు. వెంటనే మా అక్కకి ఫోన్ చేశాను. నేను ఏడుపు ఆపుకుంటూ చెప్పడం మొదలుపెట్టగానే ఆపింది.

"డబ్బా బరువెంతే?"

"అక్కా, డబ్బా అంటే డబ్బానే, ఒకటి."

"అది కాదే, గ్రాములు చూసి చెప్పు."

చెత్తబుట్టలోంచి అట్ట తీసి చూశాను. 375 గ్రాములు. అక్క ఎప్పటిదో డబ్బా అట్ట ఒకటి వంటల పుస్తకంలో దాచుకుంది, దాని మీద 517 గ్రాములుంది.

అప్పుడు నాకు అర్థమైంది. ఒకప్పుడు ఈ మిక్స్ డబ్బాలు 517 గ్రాములుండేవి. తర్వాత 432కి తగ్గాయి. ఇప్పుడు కొన్ని 375కి వచ్చాయి. అట్టపెట్టె మాత్రం చూపుకి అలాగే ఉంటుంది. సోడా క్యాన్ మారలేదు, అదే 355 మిల్లీలీటర్లు. ఎవరో పెద్ద డబ్బా రోజుల్లో రాసిన కొలతని చిన్న డబ్బాకి చెబుతూ పోతున్నారు. బరువు తగ్గించేవాళ్ళు పైన పెద్ద అక్షరాలతో చెప్పరు, వీడియోలు చేసేవాళ్ళు డబ్బా తిప్పి చూడరు. మధ్యలో పరువు పోయేది మనది. నాకు ఈ విషయంలో నిజంగా కోపం ఉంది.

లెక్క కాగితం మీద నేనే వేశాను. 517 గ్రాములకి 355 అయితే, 375 గ్రాములకి దాదాపు 260 మిల్లీలీటర్లు. అంటే దాదాపు వంద మిల్లీలీటర్ల తడి ఎక్కువ పోశాను. గుడ్డు ఉంటే ఆ కేక్‌ని కాస్త పట్టి ఉంచేది. గుడ్డు లేని కేక్‌కి అసలే పట్టు తక్కువ, దాని మీద అంత తడి. పుల్ల పై భాగంలో శుభ్రంగా వచ్చింది, నేను దాన్ని అడుగుదాకా గుచ్చలేదు. మీ డబ్బా 432 గ్రాములైతే 300 మిల్లీలీటర్ల దగ్గర ఆగి పిండి చూసుకోండి. గరిటె ఎత్తితే మడతలు పడుతూ దిగాలి.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఎవరినీ పిలవలేదు.

పాన్‌కి వెన్న వాడలేదు. వెన్నలో నీళ్ళు, పాల పదార్థం ఉంటాయి, ఆ పాల పదార్థమే మాడి అతుక్కుంటుంది. రెండు చెంచాల నూనె, రెండు చెంచాల మైదా కలిపి పేస్ట్ చేసి, బ్రష్‌తో ప్రతి గాడిలోకి, గొట్టం చుట్టూ పూశాను. పిండి పోసే ముందు మాత్రమే పూయాలి. ముందే రాసి పెడితే జారి అడుక్కి చేరుతుంది, నాకు జరిగింది అదే. 260 మిల్లీలీటర్ల సోడా కొలిచి పోశాను, ఒక కమలాపండు తొక్క పైపైన తురిమి వేశాను. సోడా రుచి ఓవెన్‌లో చాలావరకు ఎగిరిపోతుంది, మొదటి కేక్ ముద్దల్లో ఆరెంజ్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. తొక్క మాత్రం తెల్ల భాగం రాకుండా తురమండి, చేదెక్కుతుంది.

ఉండలు పోగానే కలపడం ఆపేశాను. మొదటి అరగంట ఓవెన్ తలుపు తియ్యలేదు. పుల్లని ఈసారి అడుగు తగిలేదాకా, మూడు చోట్ల గుచ్చాను.

ఇక తిప్పే ముందు ఆగాల్సిన ఆ కాసేపు. బయటికి తీసిన వెంటనే కేక్ మెత్తగా ఉంటుంది, లోపల ఇంకా గట్టిపడదు, అప్పుడు తిప్పితే చిరుగుతుంది. మరీ చల్లారనిస్తే అంచున పంచదార గట్టిపడి పాన్‌ని పట్టుకుంటుంది. పన్నెండు నిమిషాలకి టైమర్ పెట్టి కుర్చీలో కూర్చున్నాను. గుండె దడదడలాడింది, పరీక్ష ఫలితాల కోసం కూడా అంత టెన్షన్ పడలేదు. టైమర్ మోగాక పాన్‌ని రెండు చేతులతో అటూ ఇటూ మెల్లగా ఊపితే లోపల కేక్ కదిలింది. ఆ కదలిక చేతికి తెలిసింది. పళ్ళెం బోర్లించి తిప్పాను. ధప్. పాన్ ఎత్తితే గాడులన్నీ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. లోపల ఒక్క ముక్క కూడా మిగల్లేదు. పాన్ పట్టుకుని ఇల్లంతా తిరిగి చూపించాను.

క్యాన్‌లో మిగిలిన సోడా, అంటే 95 మిల్లీలీటర్లు, పారబొయ్యలేదు. చిన్న గిన్నెలో రెండు పెద్ద చెంచాలయ్యేదాకా మరిగించాను. చల్లార్చి, ఒకటిన్నర కప్పు పొడి పంచదారలో కలిపితే చిక్కటి గ్లేజ్ వచ్చింది. కేక్‌లో లేని ఆరెంజ్ రుచి మొత్తం అందులో ఉంది. కేక్ పూర్తిగా చల్లారాకే పోయండి, వేడి మీద పోస్తే పీల్చేసుకుంటుంది.

ఆ వదినకి ఫొటో పంపాను. జవాబు రాలేదు.

సాయంత్రం మా అమ్మాయి ఆ పాపని, వాళ్ళమ్మని పిలుచుకొచ్చింది. డబ్బా అట్ట వాళ్ళమ్మ చేతికే ఇచ్చి చదవమన్నాను. ఆవిడ రెండుసార్లు చదివి తలూపింది. పాప గ్లేజ్ కారుతున్న చోటే ముక్క అడిగింది, తిన్నాక ఇంకోటి అడిగింది. మూడోది ఇంటికి తీసుకెళ్తానని డబ్బా పట్టుకొచ్చింది.