కండ పోకుండా దమ్ము పెంచుకోవడం: బాడీబిల్డర్లకు 12 వారాల మార్పు (నా అనుభవం)

పద్దెనిమిది అంగుళాల చేయి ఉండి, రెండంతస్తులు ఎక్కేసరికి రొప్పే మనుషులు మా తిరుపతి జిమ్ముల్లో చాలామందే ఉన్నారు. వంగి బూటు లేసు కట్టుకోవాలంటే ఊపిరి బిగబట్టాలి. పెళ్ళి పంక్తిలో బాసింపట్టు వేసుకుని కూర్చోలేరు. చేతులు చెవుల పక్కకు నిటారుగా లేవవు. ఏళ్ల తరబడి కొలిచి తిని, వేళకు పడుకుని, మానకుండా బరువులెత్తిన వాళ్ళకు ఈ స్థితి రావడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. దీన్ని సరిచేసుకోవడానికి కావలసిన పట్టుదల అందరికంటే వాళ్ళ దగ్గరే ఎక్కువ ఉంది. అడ్డుపడేది ఒక్కటే, కార్డియో చేస్తే కండ కరిగిపోతుందన్న భయం. నేను ఈ మార్పు చేసుకున్న పద్ధతే ఇప్పుడు జిమ్‌లో తమ్ముళ్ళ చేత చేయిస్తున్నాను. అది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ భయం సంగతి చూద్దాం. కండ కట్టడానికి పట్టే పని చాలా ఎక్కువ, కట్టిన కండ నిలబడడానికి పట్టే పని చాలా తక్కువ. 2011లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో, అలబామా విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో పాల్గొన్నవాళ్ళ చేత 16 వారాలు వారానికి 3 రోజులు బరువులెత్తించి, తర్వాత 32 వారాల పాటు కొందరికి ఆ పనిని మూడో వంతుకు, కొందరికి ఏకంగా తొమ్మిదో వంతుకు తగ్గించారు. 20 నుంచి 35 ఏళ్ల వాళ్ళలో తొమ్మిదో వంతు పనితోనే కండపోగుల సైజు నిలిచింది. 60 దాటిన వాళ్ళలో మాత్రం నిలవలేదు. వాళ్ళెవరూ స్టేజి ఎక్కే బాడీబిల్డర్లు కారు కాబట్టి నేను అంత కిందికి తగ్గించమని చెప్పను. సగానికి తగ్గిస్తే చాలు. ఆ మిగిలిన టైమూ ఓపికా గుండెకు, కీళ్ళకు పెట్టవచ్చు.

తగ్గించాల్సింది సెట్లను, ప్లేట్లను కాదు. ఎక్కువమంది ఇక్కడే దారి తప్పుతారు. ‘ఫిట్‌నెస్ ట్రైనింగ్’ అనగానే తేలిక బరువు తీసుకుని ముప్పై రెప్పులు (ఎత్తి దించడాలు) కొడతారు. అలా చేస్తే కండకు ఉండమని చెప్పే సంకేతమే పోతుంది. స్క్వాట్‌లో 100 కిలోలు వేసేవాళ్ళు 100 వేయాల్సిందే, 6 సెట్ల బదులు 3 చేయండి. వారానికి ఒక్కో కండకు 16 నుంచి 20 సెట్లు చేస్తుంటే 8కి దించండి.

చెస్ట్ డే, బ్యాక్ డే అన్న స్ప్లిట్ ఈ 12 వారాలు పక్కన పెట్టాలి. జిమ్ వారానికి 3 రోజులు, ప్రతి రోజూ ఒళ్ళంతా, గంటలోపు. మొదటి రోజు ఫ్రంట్ స్క్వాట్ 3 సెట్లు ఐదేసి, పుల్‌అప్ 3 సెట్లు ఆరేసి, ఇంక్లైన్ డంబెల్ ప్రెస్ 3 సెట్లు ఎనిమిదేసి, చివర డంబెళ్ళు రెండు చేతుల్లో పట్టుకుని 40 మీటర్ల నడక 4 సార్లు. రెండో రోజు రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్ళు కొద్దిగా వంచి, తుంటి దగ్గర వంగి బరువెత్తడం), నిలబడి ఓవర్‌హెడ్ ప్రెస్, రోయింగ్, మెట్టు మీంచి ఒంటికాలితో నెమ్మదిగా దిగడం. మూడో రోజు బల్గేరియన్ స్ప్లిట్ స్క్వాట్ (వెనక పాదం బెంచీ మీద పెట్టి చేసే ఒంటికాలి స్క్వాట్), డిప్స్, 12 కిలోల కెటిల్‌బెల్‌తో టర్కిష్ గెటప్ (వెల్లకిలా పడుకుని, బరువును ఒక చేత్తో పైకి పట్టుకునే లేచి నిలబడడం) ఒక్కో వైపు 3 సార్లు. బైసెప్ కర్ల్ 2 సెట్లు ఉంచుకోండి, దాన్ని మానమని చెబితే ఎవరూ వినరు, మానాల్సిన అవసరమూ లేదు.

డంబెళ్ళ నడకలో స్ట్రాప్స్ (పట్టు కోసం మణికట్టుకు చుట్టే పట్టీలు) వాడకండి. రెండు చేతుల్లోని బరువు కలిపి మీ ఒంటి బరువంత అయ్యేదాకా మెల్లగా పెంచండి. మీ జిమ్‌లో బరువైన డంబెళ్ళు లేకపోతే 20 లీటర్ల వాటర్ క్యాన్లు రెండు చాలు, మొదలుపెట్టడానికి 40 కిలోలు దొరికినట్టే. నీళ్ళు నిండుగా లేకపోతే లోపల కదిలి పట్టు ఇంకా కష్టమవుతుంది, కాబట్టి మొదట్లో మూతదాకా నింపండి.

ఇక దమ్ము. వారానికి 3 పూటలు, మొదటి 4 వారాలు 30 నుంచి 40 నిమిషాలు, తర్వాతి 4 వారాలు 50 దాకా. వేగం ఎంత అన్నదే అసలు విషయం. 180 లోంచి మీ వయసు తీసేయండి. 28 ఏళ్ళ వాళ్ళకు 152. గుండె కొట్టుకోవడం నిమిషానికి ఆ అంకె దాటకూడదు. వాచీ లేకపోతే మెడ పక్కన వేలు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణించండి. అది కూడా వద్దనుకుంటే నడుస్తూ గోవింద నామాలు పైకి చదవండి. ఒక్కో నామం మధ్యలో ఊపిరి తెగకుండా వస్తే వేగం సరైనదే. తెగుతుంటే తగ్గించండి.

90, 95 కిలోల మనిషికి మామూలు చురుకు నడకే ఆ అంకె దాకా తీసుకుపోతుంది. అది చూసి సిగ్గుపడతారు, పంతానికి పరుగెత్తుతారు. దయచేసి పరుగు పెట్టకండి. కండ వారాల్లో అలవాటు పడుతుంది, మడమ పైన నరం లాంటి స్నాయువు, కాలి ముందరి ఎముక అలవాటు పడడానికి నెలలు పడుతుంది. పెద్ద ఒళ్ళుతో మొదటి నెలలోనే పరుగెత్తినవాళ్ళకు ముందు వచ్చేది ముంగాలి ఎముక వెంట నొప్పి. ట్రెడ్‌మిల్ మీద 6 నుంచి 8 శాతం ఎత్తు పెట్టి గంటకు 5 కిలోమీటర్ల నడక, లేదా సైకిల్. బయటైతే యూనివర్సిటీ గ్రౌండు, లేదా అలిపిరి నుంచి జూపార్క్ వైపు రోడ్డు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన ఊళ్ళో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఉదయం ఆరున్నర లోపలే ముగించాలి. ఎండలో అదే నడకకు గుండె వేగం పెరిగిపోతుంది, అప్పుడు అంకె చూసి దమ్ము తగ్గిందనుకుంటారు.

ప్రీ వర్కౌట్ పొడి తాగి నడక మొదలుపెట్టినా అంతే. ఒక స్కూపులో 200 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండేవే ఎక్కువ. దాంతో గుండె వేగం మీ పనిని కాకుండా పొడిని చూపిస్తుంది. నడక రోజుల్లో అది మానేయండి. ఫ్యాట్ బర్నర్లు పూర్తిగా మానేయండి.

నడకకూ బరువులకూ మధ్య కనీసం 6 గంటల ఎడం ఉంటే మంచిది, ఉదయం నడక, సాయంత్రం జిమ్. కుదరకపోతే బరువులు ముందు, నడక తర్వాత. కార్డియో బలాన్ని తినేస్తుందన్న మాటకు మూలం 1980లో హిక్సన్ అనే పరిశోధకుడు చేసిన ప్రయోగం. అందులో వారానికి 5 రోజులు బరువులు, 6 రోజులు ఊపిరాడనంత గట్టి పరుగూ సైకిలూ పెట్టారు. ఏడో వారం దాకా బలం పెరుగుతూనే వచ్చింది, ఆ తర్వాత ఆగి, చివరి వారాల్లో తగ్గింది. మనం చేసేది 3 పూటలు, నామం చదువుకునే వేగంతో. రెండూ ఒకటి కావు.

మూడో వారానికి అద్దం భయపెడుతుంది. చేతులు చప్పబడ్డట్టు, పంప్ (బరువులెత్తినప్పుడు కండ ఉబ్బడం) రానట్టు ఉంటుంది. సగంమంది ఇక్కడే మానేస్తారు. అది కండ పోవడం కాదు. కండలో నిల్వ ఉండే గ్లైకోజెన్ ఒక్కో గ్రాముకు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. నడక మొదలయ్యాక తిండి పెంచకపోతే ఆ నిల్వ తగ్గి, నీళ్ళూ దానితో పాటే పోతాయి. అద్దాన్ని నమ్మకండి. వారానికి ఒకే రోజు, పొద్దున్నే, చేయీ తొడా టేపుతో కొలిచి రాసుకోండి. ఫ్రంట్ స్క్వాట్ బరువూ రాసుకోండి. స్క్వాట్ నిలకడగా ఉంటే కండ ఉన్నట్టే. వరుసగా రెండు వారాలు 5 శాతానికి మించి పడితే ముందు అన్నం పెంచండి, అప్పటికీ కోలుకోకపోతేనే నడక టైము తగ్గించండి. ఒంటి బరువు వారానికి అరకిలోకు మించి దిగకూడదు.

తిండి విషయంలో ఈ 12 వారాలు కట్ (కొవ్వు దించడానికి తిండి తగ్గించడం) చేయకండి. ప్రొటీన్ ఒంటి బరువులో కిలోకు 1.6 గ్రాములు, 90 కిలోలకు 144 గ్రాములు, నాలుగు పూటలకు పంచితే పూటకు 36. గుడ్డుకు 6 గ్రాములు లెక్క. మన వైపు రాగి సంగటి, ఉలవచారు, నాటుకోడి పులుసు ఈ ట్రైనింగ్‌కు చక్కగా సరిపోయే తిండి, సంగటి ముద్దను జిమ్‌కు ముందు పూట పెట్టుకోండి. చెనిక్కాయల ఊరిబిండిలో ప్రొటీన్ కంటే నూనే ఎక్కువ, దాన్ని ప్రొటీన్ లెక్కలో వేయకండి.

కండ కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, మాత్రలు వాడినవాళ్ళు, ఇప్పటికీ వాడుతున్నవాళ్ళు నడక మొదలుపెట్టే ముందే పరీక్షలు చేయించుకోవాలి. ఇది మొహమాటపడే విషయం కాదు. స్టెరాయిడ్లు ఎర్రకణాలను పెంచి రక్తాన్ని చిక్కబరుస్తాయి, నోటి మాత్రలు మంచి కొలెస్ట్రాల్‌ను బాగా పడగొడతాయి, గుండె గోడ మందమవుతుంది. బీపీ, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) చేయించండి. బీపీ 140/90 లేదా ఆ పైన ఉన్నా, హెమటోక్రిట్ 54 శాతం దాటినా ముందు గుండె డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. డాక్టరు దగ్గర ఏమి వాడారో దాచకండి. దాస్తే రిపోర్టు చదివేవాళ్ళు కారణం ఎక్కడో వెతుకుతారు.

కీళ్ళ పని రోజూ 10 నిమిషాలు, అంతే. గోడకు 4 అంగుళాల దూరంలో బొటనవేలు పెట్టి, మడమ లేపకుండా మోకాలు గోడకు తాకించండి. తాకకపోతే మీ స్క్వాట్‌లో నడుము వంగడానికి కారణం అదే అయ్యుండొచ్చు. పుల్‌అప్ బార్ పట్టుకుని నిమిషం వేలాడండి. టీవీ చూసేటప్పుడు సోఫా వదిలి కింద కూర్చోండి, చేతులు ఆనకుండా లేవండి.

తొమ్మిదో వారం నుంచి ఒక తేలిక పూట తీసేసి గట్టి పూట పెట్టండి. 10 నిమిషాలు ఒళ్ళు వేడెక్కించి, 4 నిమిషాలు గట్టిగా, 3 నిమిషాలు మెల్లగా, అలా 4 సార్లు. సైకిల్ మీదైనా, ఎత్తు పెట్టిన ట్రెడ్‌మిల్ మీదైనా సరే. మిగిలిన రెండు పూటల్లో ఒకదాన్ని 75 నిమిషాల దాకా సాగదీయండి.

12 వారాల తర్వాత ఎంత మారిందో కొలవడానికి తిరుపతిలో ఉన్నవాళ్ళకు కొండే ఉంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు వైపు 2,388 మెట్లే, కానీ మధ్యలో చదును తక్కువ, గుండె వేగం దిగే సందు ఉండదు. అందుకే మొదటిసారి అలిపిరే మేలు. గాలిగోపురం దాకా గట్టి ఎక్కుడు, ఆ తర్వాత చాలా దూరం దాదాపు చదును, చివర్లో మోకాళ్ళమెట్టు నిలువు. మొదట్లో వేగం చూపించినవాళ్ళు అక్కడ కూలబడతారు.

లెక్క వేసి చూడండి. కింది నుంచి పైకి ఎత్తు సుమారు 700 మీటర్లు. 90 కిలోల ఒళ్ళు అంత ఎత్తుకు చేరాలంటే, మన శరీరం ఖర్చు చేసే శక్తిలో నాలుగో ఐదో వంతు మాత్రమే పనిగా మారుతుంది కాబట్టి, ఎక్కుడుకే 600 నుంచి 750 కేలరీలు కావాలి. పక్కనే ఎక్కే 65 కిలోల మనిషితో పోలిస్తే మీరు 25 కిలోల బియ్యం మూట మోస్తున్నట్టే. అందుకని ఆయన వేగంతో పోటీ పడకండి, గుండె వేగం మీ అంకె (180 లోంచి వయసు) కంటే 10కి మించి పెరగకుండా ఎక్కండి. గంట ముందు రెండు ఇడ్లీలు, రెండు అరటిపళ్ళు. గంటకు అర లీటరు నీళ్ళు, మధ్యలో ఉప్పు వేసిన మజ్జిగ. చిరుతల సంచారం వల్ల నడకదారి వేళలు మారుతుంటాయి, బయలుదేరే ముందు కనుక్కోండి. చెప్పుల్లేకుండా ఎక్కాలనుకునేవాళ్ళు నెల ముందు నుంచే గ్రౌండులో ఉత్త కాళ్ళతో 10 నిమిషాల చొప్పున నడవడం అలవాటు చేసుకోవాలి.

అది భక్తుల దారి. పరుగులు తీయడం, చొక్కా విప్పి వీడియోలు తీయడం వద్దు. మెట్ల సాధనకు అపార్ట్‌మెంట్ మెట్లో స్టేడియం మెట్లో చాలు.

దిగేటప్పుడు బస్సు ఎక్కండి. ఎక్కుడులో తొడ కండ ముడుచుకుంటూ పనిచేస్తుంది, దిగుడులో సాగుతూ బ్రేకు వేస్తుంది. ఆ సాగుడే కండపోగులను ఎక్కువగా దెబ్బతీస్తుంది, నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య తీవ్రంగా ఉంటుంది. నడిచే దిగాలనుకుంటే అంతకు రెండు మూడు వారాల ముందు నుంచి, 20 సెంటీమీటర్ల మెట్టు మీంచి 4 సెకన్లు తీసుకుంటూ ఒంటికాలితో దిగడం 3 సెట్లు చేస్తూ రండి. ఒకసారి ఆ దెబ్బ రుచి చూసిన కండ రెండోసారికి బాగా తట్టుకుంటుంది. నొప్పితో పాటు తొడలు వాచి, మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం మాలిష్‌లూ మాత్రలూ పెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. కండ విరిగి కిడ్నీల మీద పడుతోందని దాని అర్థం.

పోటీలకు వెళ్ళేవాళ్ళు ఇదంతా ఆఫ్ సీజన్‌లోనే చేయాలి, పోటీ డైట్ మొదలయ్యాక కాదు. 12 వారాలు అయ్యాక పాత స్ప్లిట్‌కు వెళ్ళేటప్పుడు ఒక్కో కండకు వారానికి రెండేసి సెట్లు పెంచుకుంటూ పోండి, ఒక్కసారిగా 20కి దూకకండి. తేలిక నడక రెండు పూటలు, డంబెళ్ళ నడక ఒక పూట మాత్రం ఏడాది పొడవునా ఉంచుకోండి. రెండు సెట్ల మధ్య ఇంతకుముందు 3 నిమిషాలు పట్టే విశ్రాంతి ఇప్పుడు 2 నిమిషాలకే సరిపోతుంది కాబట్టి, అదే గంటలో మరికొన్ని సెట్లకు చోటు దొరుకుతుంది.