మసాయి మారా ప్రయాణానికి మేము వేసుకున్న లెక్కలు

హైదరాబాద్‌లోని ఒక ట్రావెల్ ఏజెన్సీ వారు 2024 నవంబరులో మాకు పంపిన మొదటి ప్రణాళికలో ఏడు రాత్రుల కెన్యా యాత్రకు ఐదు చోట్లు ఉన్నాయి. రాజధాని నైరోబీలో దిగి, అక్కడి నుంచి దక్షిణాన అంబోసెలీ పార్కుకు, మళ్ళీ ఉత్తరాన నకూరూకి, తర్వాత నైవాషా సరస్సుకు, చివరగా పడమట మసాయి మారా వన్యమృగాల రిజర్వుకు తీసుకువెళ్ళి, తిరిగి నైరోబీలో దింపుతామన్నారు. ఇన్ని చోట్లు ఒకే డబ్బుకు వస్తున్నాయని మావారు సంతోషించారు. నేను మాత్రం పటం ముందు పెట్టుకొని ఒక్కొక్క మజిలీకి ఎన్ని గంటలు పడుతుందో నోటు పుస్తకంలో రాసుకున్నాను. అంబోసెలీ నుంచి నకూరూకి నైరోబీ మీదుగానే రావాలి కాబట్టి ఆ ఒక్క ప్రయాణానికే దాదాపు పగలంతా పోతుంది. మారాకు వెళ్ళడానికి అయిదారు గంటలు, రావడానికి మళ్ళీ అయిదారు గంటలు. సఫారీ అనే మాటకు స్వాహిలీలో ప్రయాణం అని అర్థం. ఏజెన్సీ వారు ఆ అర్థాన్నే గట్టిగా పట్టుకున్నట్టు కనిపించింది. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్యగారిని, పదమూడేళ్ళ మా అబ్బాయిని వెంటబెట్టుకొని రోజూ అంతసేపు బండిలో కూర్చోవడం మావల్ల కాదని ఆ రాత్రే తేల్చుకున్నాం.

అలా ఐదు చోట్లు రెండయ్యాయి. నైవాషా, మారా మిగిలాయి. అంబోసెలీని వదులుకోవడం మా అబ్బాయికి కష్టమనిపించింది. కిలిమంజారో పర్వతం ముందు నడిచే ఏనుగుల బొమ్మ వాడి గదిలో ఎప్పటి నుంచో ఉంది. అయితే ఆ పర్వతం టాంజానియాలో ఉందని, అంబోసెలీ నుంచి కూడా మబ్బు వీడిన వేళల్లోనే కనిపిస్తుందని వాడే చదివి చెప్పి, తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

తర్వాత తేల్చుకోవలసింది కాలం. తూర్పు ఆఫ్రికా మైదానాలు అనగానే అందరూ అడిగేది వైల్డ్‌బీస్ట్‌ల వలస గురించే. పది లక్షలకు పైగా ఉండే ఆ జింకజాతి జంతువుల మందలు వాన వెంట, పచ్చగడ్డి వెంట ఏడాది పొడవునా చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. జనవరి నుంచి మార్చి దాకా సెరెంగెటీ దక్షిణాన ఎన్‌డూటూ ప్రాంతంలో ఈనుతాయి, మే, జూన్ నెలల్లో ఉత్తరం వైపు కదులుతాయి, సాధారణంగా జూలై నుంచి అక్టోబరు మధ్య మారా నదిని దాటుతూ కెన్యా వైపు ఉంటాయి. అంటే టాంజానియాలోని సెరెంగెటీ, కెన్యాలోని మసాయి మారా పేరుకు రెండు పార్కులే గాని, ఆ జంతువులకు ఒకే మైదానం. మనకు బడి సెలవులు వేసవిలో వస్తాయి. మార్చి నుంచి మే వరకు అక్కడ పెద్ద వానలు. మిగిలింది దసరా సెలవులు, లేదా వానలు తగ్గి మన బడులు తెరవడానికి మధ్య, జూన్ మొదట్లో దొరికే పది రోజులు.

దసరాకు వెళితే వలస చూడవచ్చు. కాని 2024 నుంచి మారా రిజర్వు ప్రవేశ రుసుము రెండు రకాలుగా మారింది. విదేశీయులైన పెద్దవారికి జనవరి నుంచి జూన్ వరకు రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు వరకు 200 డాలర్లు. తొమ్మిది నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు 50. ముగ్గురు పెద్దలు, ఒక పిల్లవాడు ఉన్న మాకు జూన్‌లో రోజుకు 350 డాలర్లు, దసరాకు 650. పైగా వలస కాలంలో బసల ధరలు కూడా బాగా పెరుగుతాయి. ఇంత దూరం వెళ్ళి వలస చూడకుండా రావడమా అని మావారు రెండు వారాలు ఊగిసలాడారు. ఆ మాట తేల్చింది అత్తయ్యగారు. "ఆ మందలు పోతే పోనీరా, సింహాలు వలస పోవు కదా!" అన్నారు. ఆవిడ ఎంత సరదాగా అన్నా అది అక్షరాలా నిజం. సింహాలు, చిరుతలు, ఏనుగులు, జిరాఫీలు ఏడాది పొడవునా మారాలోనే ఉంటాయి. వానల తర్వాత గడ్డి ఏపుగా పెరిగి ఉంటుంది కాబట్టి వాటిని కనిపెట్టడమే కొంత కష్టం. ఆ కష్టానికి ఒప్పుకొని జూన్ మొదటి వారాన్ని ఖాయం చేసుకున్నాం.

రుసుము విషయంలో ఏజెన్సీ వారు చెప్పని సంగతి ఒకటి ఉంది. ఈ మొత్తం ప్రణాళికలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది కూడా అదే. మారా టికెట్టు ఇరవై నాలుగు గంటలది కాదు, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు పన్నెండు గంటలది. మధ్యాహ్నం రెండింటికి గేటు దాటినా పూర్తి రోజు రుసుమే చెల్లించాలి. రిజర్వు లోపల బస చేసేవారు వెళ్ళిపోయే రోజు ఉదయం పది గంటల్లోపు గేటు దాటితే ఆ రోజుకు రుసుము ఉండదు. వారి ప్రణాళిక ప్రకారం మేము మొదటి రోజు మధ్యాహ్నం లోపలికి వెళ్ళి మూడు రాత్రులు ఉండాలి, అంటే మూడు రోజుల రుసుము, మొత్తం 1,050 డాలర్లు. నేను దాన్ని ఇలా మార్చాను: మొదటి రాత్రి సెకెనానీ గేటు బయట ఉన్న ఒక క్యాంపులో పడుకొని, మర్నాడు ఉదయం ఆరింటికే గేటు దగ్గర నిలబడాలి, తర్వాతి రెండు రాత్రులు లోపల ఉండి, చివరి రోజు తెల్లవారుజామునే ఒక చుట్టు తిరిగి పదింటికల్లా బయటపడాలి. రెండు రోజుల రుసుముకే రెండు నిండు పగళ్ళు, పైన ఒక ఉదయం దక్కాయి. 350 డాలర్లు మిగిలాయి. పైగా పోగొట్టుకున్నది మొదటి రోజు మధ్యాహ్నపు ఎండ మాత్రమే, ఆ వేళకు సింహాలు ఎలాగూ నిద్రపోతుంటాయి.

రిజర్వు చుట్టూ స్థానిక మసాయి తెగ కుటుంబాల భూములను కౌలుకు తీసుకొని నడిపే వన్యప్రాణి సంరక్షణ ప్రాంతాలు కూడా ఉన్నాయి, వాటిని కన్జర్వెన్సీలంటారు. రిజర్వు లోపల అనుమతి లేని రాత్రి సఫారీ, నడక వంటివి అక్కడ చేయవచ్చు, బండ్ల రద్దీ కూడా తక్కువ. అవి మా చేతికి అందలేదు. ఒక్కొక్కరికి 400 డాలర్లకు పైమాటగా ఉండే వేడిగాలి బెలూను కూడా అంతే.

ఇక ఎవరి ద్వారా వెళ్ళాలన్న ప్రశ్న. హైదరాబాద్ ఏజెన్సీ వారు చెప్పిన ధరలో పార్కు రుసుములు కలవలేదని మూడో ఉత్తరంలో గాని బయటపడలేదు. కలిపే చెప్పామని మొదట అన్నారు, తర్వాత చిన్న అక్షరాలు చూపించారు. అప్పటి నుంచి ఎవరిని అడిగినా నేను నాలుగు ప్రశ్నలే వేశాను. బండి వ్యానా, ల్యాండ్ క్రూయిజరా. అది మా ఒక్కరికేనా. రుసుములు ఏ రోజుకు ఎంత వేశారు. కెన్యా పర్యాటక నియంత్రణ సంస్థ ఇచ్చిన లైసెన్సు సంఖ్య ఎంత. చివరకు నైరోబీలోనే ఉన్న ఒక చిన్న సంస్థ నాలుగింటికీ ఒకే ఉత్తరంలో జవాబిచ్చింది. అది కెన్యా టూర్ ఆపరేటర్ల సంఘంలో సభ్యురాలో కాదో సంఘం జాబితాలో చూసుకున్నాకే ముందస్తు సొమ్ము పంపాను. బండి విషయంలో పిసినారితనం పనికిరాదని నా అభిప్రాయం. కప్పు పైకి లేచే ల్యాండ్ క్రూయిజర్‌లో నలుగురికీ నాలుగు కిటికీలు దొరుకుతాయి. దాని మెట్టు ఎత్తుగా ఉంటుందని ముందే తెలిసింది కాబట్టి అత్తయ్యగారి కోసం ఒక చిన్న పీట ఉంచమని అడిగాం. వారు నిజంగానే ఉంచారు.

ఏప్రిల్ మొదటి వారం వరకు అంతా సవ్యంగానే జరిగింది. పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా అవసరమా అని అడిగితే, భారతదేశం నుంచి వచ్చేవారిని కెన్యా అడగదని అందరూ చెప్పారు. నైరోబీలో ఉద్యోగం చేసే మా పెదనాన్నగారి అబ్బాయికి ఫోను చేసినప్పుడు మాటల్లో ఈ సంగతి వచ్చింది. "కెన్యా అడగదమ్మా, తిరిగి వచ్చేటప్పుడు మన దేశమే అడుగుతుంది" అన్నాడు అన్నయ్య. కెన్యా పచ్చజ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి, అక్కడి నుంచి టీకా పత్రం లేకుండా వచ్చేవారిని మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే పత్రం చెల్లుబాటు అవుతుంది. ఈ టీకాను ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లో మాత్రమే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వాటిలో ఒకటి. పాస్‌పోర్టులు పట్టుకొని నలుగురం వెళ్ళాం. గుడ్డు పడదా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులేమైనా వాడుతున్నారా అని వైద్యులు ఒక్కొక్కరినీ అడిగారు. అరవై దాటినవారిలో ఈ టీకాకు తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చే అవకాశం, అరుదే అయినా, కొంత ఎక్కువ. అందుకని అరవై ఆరేళ్ళ అత్తయ్యగారి ఆరోగ్య కాగితాలు చాలాసేపు చూసి, మా చేత రెండుసార్లు ఆలోచింపజేసి మరీ వేశారు. టీకా తర్వాత కాసేపు కూర్చోబెట్టి, టీకా పత్రాలుగా పసుపుపచ్చ పుస్తకాలు చేతికిచ్చారు. ఒకసారి వేయించుకుంటే ఆ పత్రం జీవితాంతం చెల్లుతుంది. మలేరియాకు మాత్రం టీకా కాదు, మాత్రలే. బయలుదేరడానికి ముందు మొదలుపెట్టి, వచ్చాక కూడా వైద్యులు చెప్పినన్ని రోజులు మానకుండా మింగాలి.

కెన్యా 2024 జనవరి నుంచి వీసాలు ఎత్తివేసి ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి ప్రవేశపెట్టింది. పిల్లలతో సహా ఒక్కొక్కరికి విడివిడిగా దరఖాస్తు చేయాలి. పాస్‌పోర్టు, ఫోటో, బస చేసే చోటు, విమాన టికెట్టు వివరాలు ఇవ్వాలి. ముగ్గురివి సాఫీగా సాగాయి, అత్తయ్యగారి దగ్గర ఆగిపోయింది. ఆవిడ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. పేరూ ఇంటిపేరూ కలిపి ఒకే గడిలో రాయించుకున్న తరం కదా! దరఖాస్తు మాత్రం ఇంటిపేరు లేనిదే ముందుకు కదలదు. విమాన సంస్థ వారిని అడిగి, టికెట్టు మీద రెండు గడుల్లోనూ ఉన్న పేరునే ఇక్కడా రెండుసార్లు రాశాం. మూడో రోజున అనుమతి వచ్చేదాకా నాకు నిద్ర సరిగా పట్టలేదు. మన పెద్దవాళ్ళను విదేశాలకు తీసుకువెళ్ళేవారు టికెట్టు కొనడానికి ముందే ఈ గడి చూసుకోవడం మంచిది.

సామాన్లు సర్దేటప్పుడు అసలు చర్చ పొడుల మీద నడిచింది. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ సంచులు నిషిద్ధం. 2020 జూన్ నుంచి జాతీయ పార్కుల్లోకి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు కూడా తీసుకువెళ్ళకూడదు. మన ఇళ్ళలో ప్రయాణమంటే కవరులో కవరు పెట్టి సర్దడమే కాబట్టి అన్నీ విప్పాల్సి వచ్చింది. కందిపొడి, కరివేపాకు పొడి మరమూతల స్టీలు డబ్బాల్లోకి ఎక్కాయి, ఆవకాయ ఇంట్లోనే ఉండిపోయింది. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైనే ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున గట్టి చలి. నలుగురికీ స్వెట్టర్లు పెట్టాను. కొత్త కెమెరా కొనాలన్న కోరిక మానుకొని రెండు మంచి బైనాక్యులర్లు కొన్నాం. నలుగురికి రెండు చాలవని అక్కడికి వెళ్ళాక తెలిసింది.

మే 31 రాత్రి ముంబై నుంచి బయలుదేరాం. నైవాషాలో రెండు రాత్రులు నీటిగుర్రాలను, చేపలు పట్టే గద్దలను చూస్తూ తీరికగా గడిచాయి. జూన్ 5 ఉదయం ఆరింటికి సెకెనానీ గేటు దగ్గర మా ముందు మూడే బండ్లు ఉన్నాయి. లోపలికి వెళ్ళిన అరగంట వరకు గడ్డి తప్ప ఏమీ కనిపించలేదు, మావారు దసరా మాట మళ్ళీ ఎత్తబోయారు. అంతలో మా గైడు బండి ఆపి ఒక చెదపుట్ట వైపు చూపించాడు. దాని మీద ముదురు గోధుమ రంగు జింకజాతి జంతువొకటి బొమ్మలా నిలబడి ఉంది. టోపి అని చెప్పాడు. ఆ మాట విని అత్తయ్యగారు తలమీది టోపీ సర్దుకున్నారు. అది మావైపు చూడటం లేదు. కొంచెం దూరంలో ఉన్న మరో రెండు కూడా అది చూస్తున్న వైపే చూస్తున్నాయి. గైడు ఇంజను ఆపేసి ఆ చూపులు కలిసే చోట వెతకమన్నాడు. చాలాసేపటికి గడ్డి మధ్య ఒక చెవి కదిలింది, వెనుక నల్లమచ్చ ఉన్న గుండ్రని చెవి. దాని పక్కన ఇంకొకటి. అక్కడ పడుకొని ఉన్నవి అయిదు ఆడసింహాలని తేలడానికి పావుగంట పట్టింది. అంతసేపూ అక్కడికి మరో బండి రాలేదు.

మర్నాడు పిల్లలతో ఉన్న చీతా ఒకటి కనిపించింది. మన పత్రికల్లో చీతానూ చిరుతే అని రాస్తుంటారు కాబట్టి అత్తయ్యగారు చిరుత అనే అన్నారు. కంటి నుంచి నోటి దాకా కారిన కన్నీటి చారలుంటే చీతా అని, వంటి మీద పువ్వుల్లాంటి మచ్చలుంటే చిరుతపులి అని మా అబ్బాయి ఆవిడకు విడమరిచి చెప్పాడు. అసలైన చిరుతపులి మాకు కనిపించనే లేదు. ఏడో తేదీ ఉదయం గేటు దాటేసరికి తొమ్మిది గంటల నలభై నిమిషాలు.

ముంబైలో దిగాక ఆరోగ్య శాఖ బల్ల దగ్గర పెద్ద వరుస ఉంది. మా ముందున్న ఒకరు పత్రం దొరకక సంచులన్నీ విప్పి వెతుక్కుంటున్నారు. అత్తయ్యగారు చేతిసంచిలోంచి ఖాళీ అయిన కందిపొడి డబ్బా తీసి మూత తిప్పారు. నాలుగు పసుపుపచ్చ పుస్తకాలూ అందులో చుట్టి ఉన్నాయి. అధికారి తేదీలు చూసి, పొడి వాసనకు ఒకసారి నవ్వి, ముద్ర వేసి ఇచ్చేశారు.